చెప్పులు లోపల పెట్టండి

అమ్మా,

నీకూ అక్కకూ నమస్కారాలు. ఇక్కడ నేనూ నీ కోడలూ క్షేమం, నా దగ్గూ దాని మీద ఆవిడ విసుగూ పక్కన పెడితే.

యూనివర్సిటీలో ఇప్పటికైనా ఊపిరాడుతోందా అని అడిగావు. ముప్పై రెండేళ్లు పత్రికాఫీసులో ఫోన్ల మోత మధ్య బతికినవాణ్ణి. ఇక్కడ గంట కొడితే క్లాసు, గంట కొడితే ఇంటికి. నా గదికి కిటికీ లేదు, బల్లకి ఒక కాలు పొట్టి. పిల్లలు చాటుగా నన్ను ‘పాత ఎడిషన్’ అంటారు. కళ్లద్దాలు మార్పించుకున్నాను, బెంగపడకు.

నువ్వడిగిన మూడో సంగతికి జవాబు రాయలేక పది రోజులుగా ఈ ఉత్తరం నానుస్తున్నాను. ముందు ఇంకొకటి చెప్పాలి.

గని కూలినప్పుడు నేను రాసిన వార్తను ఏటా జర్నలిజం పిల్లలకు పాఠంగా చెబుతాను. నాకు పేరు తెచ్చింది అదేగా. కొడుకు పోయిన తల్లి “వాడి చెప్పులు లోపల పెట్టండి, వానకి తడుస్తాయి” అన్న చోట పిల్లలు రాసుకోవడం ఆపేస్తారు. ఈసారి ఏదైనా పాత వార్తను మళ్లీ వాకబు చేసి రమ్మని పిల్లలకు పని ఇచ్చాను. ఒక అమ్మాయి ఏకంగా నా వార్తే పట్టుకుని ఆ గని దగ్గరికి వెళ్లింది. తిరిగొచ్చి నా బల్ల ముందు నిలబడింది.

“సార్, ఆవిడ ఇంకా ఉందండి. ‘మా ఇంటికి పేపరువాళ్లెవరూ రాలేదు, నేనేమీ అనలేదు’ అంటోంది.”

“పెద్దావిడ, మర్చిపోయి ఉంటుంది. నువ్వు సరిగ్గా అడిగుండవు.”

“మూడుసార్లు అడిగాను సార్. మీరు చెప్పినట్టే.”

సున్నా వేశాను. ఆ అమ్మాయి చదువు మానేసి వెళ్లిపోయింది, ఫోన్ చేస్తే ఎత్తదు. నిజం చెప్పేద్దామని రెండుసార్లు పై అధికారి గది దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. మూడోసారి వెళ్తానన్న నమ్మకం నాకే లేదు.

ఆ రోజు నేను గని దాకా వెళ్లలేదమ్మా. వానకి దారి తెగిపోతే, సగం దూరంలో ఒక లాడ్జిలో కూర్చుని ఫోన్లో అడిగి పోయినవాళ్ల పేర్లు రాసుకున్నాను. వార్తలో ప్రాణం లేదన్నాడు డెస్కులో పెద్దాయన. అప్పుడు తట్టింది, తమ్ముడు పోయిన రోజు నువ్వన్న మాట. ఆ రోజు నీకు ఒంటిమీద స్పృహ లేదు, అందుకే గుర్తులేదు. ఆ చెప్పులు లోపల పెట్టింది నేనే.

“ఆ పేపర్లో తల్లి అడ్రసు పంపరా. నా బాధ తెలిసింది ఆవిడకొక్కదానికే, నాలుగు ముక్కలు రాసుకుంటాను” అని రాశావు. ఇన్నేళ్లూ ఆ పేపరు ముక్క దిండు కింద పెట్టుకున్నావని అక్క చెప్పింది. అడ్రసు ఆ అమ్మాయి ఇచ్చిన కాగితంలో ఉంది. కానీ ఏమని రాస్తావమ్మా? లోకంలో ఆ మాట అన్నది నువ్వొక్కదానివే.

ఇట్లు,
నీకు మిగిలిన కొడుకు