మానిందా అని అడిగేవాడివి

నాయనా,

ఆటో బోల్తాపడి నా కాలికి ఆపరేషన్ అయినప్పటి నుంచి, నువ్వు పోయేదాకా, ఫోన్ చేసిన ప్రతిసారీ "మానిందామ్మా?" అనే అడిగేవాడివి. గాయం ఎప్పుడో మానింది. కానీ ఆసుపత్రిలో రాసిచ్చిన నొప్పి మాత్రలు లేకుండా నాకు ఒక్క పూట గడిచేది కాదు. ఆ సంగతి నీకు తెలియనే లేదు.

నంద్యాలలో ఒక డాక్టరమ్మ వాటిని కొంచెం కొంచెంగా తగ్గిస్తూ వచ్చింది. తగ్గించినప్పుడల్లా చెమటలు, వాంతులు, కాళ్ళు ఒకటే పీకడం. ఆళ్ళగడ్డలో మా అత్త మాత్రల అట్టను కొంగున ముడేసుకుని, నా కాళ్ళు పిసుకుతూ కూర్చునేది.

"ఏడువు, నన్ను తిట్టు. రేపటి బిళ్ళ మాత్రం ఈ పొద్దు అడగాకు."

తిట్టాను కూడా. ఆమె ముడి విప్పలేదు.

ఈరోజు డాక్టరమ్మ ఇక మాత్రలే అక్కర్లేదంది. తిరిగొచ్చేటప్పుడు అత్త బస్సులో కండక్టర్ని పిలిచి, "మా కోడలికి కిటికీ పక్కన సీటు చూడప్పా, మాత్రల మీద గెలిచొస్తాంది" అంది. బస్సంతా నా వైపు తిరిగింది. నేను తల దించుకోలేదు.

నువ్వుంటే ఇప్పుడే ఫోన్ చేసేదాన్ని. గాయం దానంతటదే మానింది నాయనా. మాత్రలు నేనే మానాను.

నీ కూతురు