గాబ్రియేలు గారు చల్లబడ్డారు

కర్నూలు,
జూన్ 9.

సుందరలక్ష్మి అత్తకు నీ మేనకోడలు పద్మప్రియ నమస్కారాలు.

నాకు ఉద్యోగం వచ్చింది. ఫోను చేస్తే నేను చెప్పేది ఒకటి, నీకు వినిపించేది ఒకటి కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. పోయినసారి ఇంటర్వ్యూ బాగా జరిగిందని ఫోనులో చెబితే, "అది మళ్ళీ ఇంటరు ఎందుకు చదువుతాంది" అని నాన్నను అడిగావట.

మా ఆఫీసు నంద్యాల చెక్‌పోస్టు దగ్గర మేడ మీద రెండు గదులు. నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలకు మేం సాఫ్ట్‌వేర్ అమ్ముతాం. ఏ సైజు బండలు ఎన్ని ఉన్నాయి, ఏ లారీకి ఎన్ని ఎత్తారు, ఎన్ని పగిలాయి, అన్నీ ఫోనులోనే కనిపిస్తాయి. అదంతా క్లౌడ్‌లో ఉంటుంది. క్లౌడ్ అంటే మబ్బు. అంటే మేం అమ్మేది మబ్బులో ఉంటుందన్నమాట.

ముప్పై ఏళ్ళుగా కమలాపురంలో స్టీలు సామాన్లు అమ్ముతున్న నీకు ఇది చిన్న పనిగా కనిపించవచ్చు. నాకు మాత్రం భయంగా ఉంది. మూడు నెలల్లో కనీసం మూడు ఫ్యాక్టరీల చేత కొనిపించాలి. లేకపోతే ఇంటికే. నాన్న అప్పుడే బ్యాంకు పరీక్షల పుస్తకాలు కొని బల్ల మీద పెట్టాడు.

నీ
ప్రియ

తా.క. నా హోదా పేరు బిజినెస్ డెవలప్‌మెంట్ ఎగ్జిక్యూటివ్. ఎవరైనా అడిగితే అదే చెప్పు. "అమ్ముతాది" అని చెప్పొద్దు.

*

కమలాపురం,
జూన్ 16.

చిరంజీవి పద్మప్రియను అత్త దీవించి రాసేది.

ఉత్తరం అందింది. నీ హోదా పేరు అంగడికి వచ్చినవాళ్ళకు చెప్పబోయి నాలుక మడత పడింది. "అమ్ముతాది" అనే చెప్పాను. అమ్మడంలో సిగ్గేముంది.

మబ్బు సంగతి మాత్రం నాకు అర్థం కాలేదు. మన సీమలో మబ్బు చూపించి ఆశ పెట్టినవాళ్ళు చాలామంది ఉన్నారు గానీ, అమ్మినవాళ్ళను నేను చూడలేదు. పక్క అంగడి ఓబుళేశు విని, "ఏమక్కా, ఒక మబ్బు మా చేనికాడికి కూడా తోలమను. రేటు మాట్లాడుకుందాం" అన్నాడు. ఎగతాళికి అన్నాడో నిజంగానే అన్నాడో ముఖం చూస్తే తెలియలేదు. చెనిక్కాయలు వేయడానికి దుక్కి దున్ని ఆకాశం చూస్తున్నాడు పాపం.

ఒక మాట గుర్తుపెట్టుకో. సరుకు చేతితో పట్టుకోందే గిరాకీ కొనదు. గిన్నె అయితే అటూ ఇటూ తిప్పి, వేలితో కొట్టి, చప్పుడు విని కొంటారు. నీ మబ్బును దేనితో కొట్టి చూస్తారో కనుక్కో.

వేళకు తిను.

ఆశీస్సులతో
సుందరలక్ష్మి అత్త

తా.క. మబ్బు ఒక రేటు, వాన ఇంకో రేటా? ఓబుళేశు కనుక్కోమన్నాడు.

*

కర్నూలు,
జూలై 4.

అత్తకు ప్రియ నమస్కరించి రాసేది.

మా మబ్బులో వాన ఉండదని ఓబుళేశు గారికి చెప్పు. ఎక్కడో దూరంగా ఉన్న పెద్ద కంప్యూటర్లలో మన వివరాలు దాచిపెడతారు. దానికి పెట్టిన ముద్దుపేరు మబ్బు. అంతకంటే ఏమీ లేదు.

రోజూ పొద్దున బస్సెక్కి బేతంచెర్ల పోతున్నాను. రోడ్డుకు రెండు పక్కలా బండల గుట్టలు, తెల్లటి దుమ్ము. సాయంత్రానికి నా జుట్టు నీ జుట్టులా అవుతోంది. మా మేనేజరు హనుమేష్ సార్ పత్తికొండ మనిషి. టమోటాల మార్కెట్లో వేలం పాడే ఇంట్లో పుట్టాడు కాబట్టి, ఆయన మెల్లగా చెప్పినా కింద టీకొట్టు దాకా వినిపిస్తుంది.

ప్రస్తుతం నా పైపులైనులో ఏడుగురు ఉన్నారు. ఇద్దరు బాగా వేడిగా ఉన్నారు. నలుగురు గోరువెచ్చగా ఉన్నారు. గాబ్రియేలు గారి సంగతే బాధగా ఉంది. స్టేషన్ దగ్గర పెద్ద పాలిష్ ఫ్యాక్టరీ ఆయనది. పోయిన వారం వరకు అందరికంటే ఆయనే వేడిగా ఉన్నారు. టీ ఇప్పించి గంటసేపు మాట్లాడారు కూడా. సోమవారం నేను పోయేసరికి పూర్తిగా చల్లబడిపోయారు. ఎంత కదిలించినా లాభం లేకపోయింది. "ఇంగ ఆయప్ప మీద ఆశ పెట్టుకోవాకు పాపా, మిగిలినోళ్ళని చూసుకో" అన్నారు హనుమేష్ సార్.

ఆ రోజు నాకు అన్నం కూడా తినబుద్ధి కాలేదు.

నీ
ప్రియ

తా.క. ఆయన భార్య ఏసుమణి గారు మూల కూర్చుని నోటుబుక్కులో ఏదో రాసుకుంటూనే ఉన్నారు. ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నా వైపు చూడను కూడా లేదు.

*

కమలాపురం,
జూలై 11.

చిరంజీవి పద్మప్రియకు బరువైన మనసుతో అత్త రాసేది.

టీ ఇచ్చి మాట్లాడిన మనిషి వారం తిరిగేసరికి పోవడమంటే మాటలా. అన్ని రోజులు ఒళ్ళు వేడిగా ఉంటే ఆస్పత్రికి తీసుకుపోయే దిక్కే లేకపోయిందా. ఆ ఏసుమణమ్మను తలచుకుంటే కడుపు తరుక్కుపోతోంది. మీ మామ పోయినప్పుడు నేనూ అంతే. పదకొండు రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా చెంచాలు లెక్కపెడుతూ కూర్చున్నాను.

అందుకని నేనే ఆమెకు ఒక ఉత్తరం రాశాను. వాళ్ళ పద్ధతి నాకు తెలియదు కాబట్టి మా వీధి చివర చర్చి పాస్టరు జ్ఞానరాజు అయ్యగారిని అడిగాను. "మీ భర్త ప్రభువునందు నిద్రించారని తెలిసి మిక్కిలి చింతిస్తున్నాము" అని మొదలుపెట్టి ఆయన చక్కగా చెప్పారు. మంచి మనిషి, దాత, నలుగురికీ అన్నం పెట్టినవాడు అని నేను కలిపాను. ఫ్యాక్టరీ ఉన్నవాడు నలుగురికి అన్నం పెట్టకుండా ఉంటాడా. చిరునామా "స్టేషన్ దగ్గర ఫ్యాక్టరీ, బేతంచెర్ల" అని రాశాను. చేరుతుంది. ఈ వార్త మా మేనకోడలు పద్మప్రియ తెలియజేసిందని చివర నీ పేరు కూడా పెట్టాను. మర్యాదగా ఉంటుంది.

మిగిలిన ఆరుగురి సంగతి చూడు. అసలు అంతమంది పైపులో ఎందుకు దూరారు? వేడిగా ఉన్న ఇద్దరినీ ముందు బయటికి తీయించు. గోరువెచ్చగా ఉన్నవాళ్ళకు మజ్జిగ ఇప్పించు.

నీ ఆరోగ్యం జాగ్రత్త.

మీ అత్త

తా.క. దినాలు అయ్యేదాకా ఆ ఇంట్లో మబ్బు మాట ఎత్తొద్దు.

*

కర్నూలు,
జూలై 19.

అత్తకు నమస్కారం.

గాబ్రియేలు గారు బతికే ఉన్నారు.

వేడిగా ఉన్నారంటే కొనేలా ఉన్నారని. చల్లబడ్డారంటే కొనే ఉద్దేశం పోయిందని. పైపులైను అంటే కొంటారేమో అనుకుని నేను రాసుకున్న పేర్ల పట్టీ. పైపూ లేదు, అందులో మనుషులూ లేరు.

నీ ఉత్తరం మంగళవారం మధ్యాహ్నం చేరింది. ఏసుమణి గారు విప్పే సమయానికి గాబ్రియేలు గారు ఎదురుగా కూర్చుని రాగిసంగటి తింటున్నారు. ఆవిడ ఒకసారి ఉత్తరం వైపు, ఒకసారి ఆయన వైపు చూసి, మొత్తం చదివి వినిపించిందట. ఆయన ఎంగిలి చేత్తోనే మా ఆఫీసుకు ఫోను చేశారు. హనుమేష్ సార్ స్పీకరులో పెట్టారు.

"ఏమప్పా హనుమేషూ, మీ సరుకు కొనకుంటే మనుషుల్ని సంపేస్తారా?"

"అయ్యో, అట్లేం లేదన్నా."

"లేకేమి. ఈడ రాసినారు చూడు, నేను నిద్రించినానంట. మంచోడంట, దాతంట. బతికుండంగా నా గురించి ఎవురూ ఇంత బాగా చెప్పలేదప్పా."

ఆఫీసంతా నవ్వింది. తర్వాత సార్ నన్ను పక్కకు పిలిచి, "గిరాకీని పోగొట్టుకునేవాళ్ళను శానామందిని చూసినా పాపా. గిరాకీకి దినాలు చేసినోళ్ళను నిన్నే చూస్తాండా" అన్నారు.

ఉద్యోగంలో చేరి ఆరు వారాలు కావస్తోంది. ఇంకా బోణీ కాలేదు. వేడిగా ఉన్న ఇద్దరు కూడా ఈ కథ విని నన్ను చూడగానే నవ్వుతున్నారు. నవ్వేవాళ్ళు కొనరు అత్తా. నాన్న బ్యాంకు పరీక్షకు నా పేరుతో దరఖాస్తు పెట్టేశాడు.

ప్రియ

తా.క. దయచేసి ఇంక ఎవరికీ ఉత్తరం రాయకు.

*

కమలాపురం,
జూలై 28.

పద్మప్రియకు తప్పు చేసిన అత్త ఆశీస్సులు.

ఎవరికీ ఉత్తరం రాయొద్దన్నావు. రాయలేదు. నేనే పోయివచ్చాను.

బతికున్నవాణ్ణి పోయాడని రాసి ఇంట్లో కూర్చోవడం పద్ధతి కాదు. గురువారం అంగడి మూసి, ఎర్రగుంట్లలో రైలెక్కి, నంద్యాలలో మారి బేతంచెర్లలో దిగాను. వట్టి చేతులతో ఎట్లా పోవాలని మూడు గిన్నెల స్టీలు క్యారియరు ఒకటి సంచిలో పెట్టుకున్నాను.

ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడిన పెద్దమనిషిని, గాబ్రియేలు గారు ఉన్నారా అని అడిగాను. "ఉండాను" అన్నాడు. ఆ ఒక్క మాటకు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నేనేనన్నా ఆ ఉత్తరం రాసినదాన్ని" అన్నాను. గేటు తీసి, "ఎండలో ఎందుకు నిలబడినావు, లోపలికి రామ్మా" అన్నాడు. ఉత్తరానికి ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకుందామంటే భార్య ఒప్పుకోలేదట.

ఆయన లారీ దగ్గరికి పోయాక నేను ఏసుమణి పక్కన కూర్చున్నాను. పాలిష్ మిషన్ల చప్పుడుకు నాకు ఏమీ వినపడలేదు. ఆ చప్పుడులో ఇరవై ఏళ్ళు ఉండి ఆమెకూ చెవి మందమేనట. ఇద్దరం అరుచుకుంటూ మాట్లాడుకున్నాం. కూలీలంతా పని ఆపి విన్నారు.

"ఆ పాప వచ్చి ఆయప్పకు చూపిచ్చి పోయింది. ఆయప్పకేం తెలుసు. ఏ వరసలో ఎన్ని బండలుండాయో, ఏ లారీకి ఏమి ఎత్తినారో, ఇరవై యేండ్లుగా రాసేది నేను. ఇంగ ఇదంతా ఫోనే చూసుకుంటాది అన్నింది పాప. మరి నేనేం చూసుకోవాలక్కా?"

ఇంటికి పోయి మొగుడితో వద్దని చెప్పింది ఆమే. గాబ్రియేలు తనంతట తాను చల్లబడలేదు, ఆమె నీళ్ళు చల్లింది.

పాపా, నేను గిన్నె అమ్మేటప్పుడు డబ్బులిచ్చే ఆయన వైపు చూడను. ఆ గిన్నెలో వండే ఆమె వైపు చూస్తాను. నువ్వు ఆ ఫ్యాక్టరీకి ఎన్నిసార్లు పోయావో నాకు తెలియదు. ఆ మూలకు మాత్రం ఒక్కసారి కూడా పోలేదు.

మీ అత్త

తా.క. క్యారియరు ఊరికే ఇచ్చాను. బాగుందని ఇంకో నాలుగు పంపమంది, వాళ్ళ అక్కచెల్లెళ్ళకు. బేతంచెర్లలో నాకు బోణీ అయింది. నీకు ఇంకా కాలేదు.

*

కర్నూలు,
సెప్టెంబరు 5.

అత్తకు నీ మేనకోడలు సంతోషంగా రాసేది.

నీ ఉత్తరం అందిన మరునాడే ఏసుమణి గారి దగ్గరికి పోయాను. సంచిలోంచి ల్యాప్‌టాప్ తీయలేదు. ముందు మీ పుస్తకాలు చూపించండి అన్నాను. ఆవిడ నమ్మలేనట్టు చూసి, ఒక్కటి మాత్రం ఇచ్చింది. సాయంత్రానికి ఇరవై ఏళ్ళవీ ముందు పెట్టింది.

ఆవిడ బండలకు తానే పేర్లు పెట్టుకుంది. అంచు విరిగితే "మూతి పోయింది", మచ్చ ఉంటే "దిష్టిచుక్క". మా సాఫ్ట్‌వేర్‌లో గ్రేడ్ బి, గ్రేడ్ సి అని ఉన్నవి తీయించి ఆవిడ మాటలే పెట్టించాను. హనుమేష్ సార్ మొదట గొణిగారు గానీ, దిష్టిచుక్క బండలు నలభై ఉన్నాయని తెర మీద చూశాక ఆయనే అందరినీ పిలిచి చూపించారు.

ఏసుమణి గారు ఫోనులో తన రాతలు చూసుకుని, "అంటే రాసేది నేనే. పుస్తకం మారతాది. అంతేనా?" అంది. అంతే అన్నాను. "ఆ ముక్క ముందే చెప్పింటే ఆయప్పకు సావు తప్పేది కదా" అంది.

అలా బోణీ అయింది. ఆగస్టు చివరికి నాలుగు ఫ్యాక్టరీలు అయ్యాయి. రెండు ఏసుమణి గారు చెప్పి కొనిపించినవే. నన్ను ఉద్యోగంలో ఖాయం చేశారు. నాన్న ఆ పుస్తకాలను పక్కింటివాళ్ళకు ఇచ్చేశాడు. వీధిలో అందరికీ నా హోదా పేరు తప్పు లేకుండా చెబుతున్నాడట.

ఇప్పుడు నాకు మనుషుల ముఖం చూస్తే చాలు, వాళ్ళకు ఏం కావాలో తెలిసిపోతోంది. కర్నూలు నుంచి కడప దాకా నా కంటపడకుండా ఒక్క గిరాకీ కూడా పోదు.

నీ
ప్రియ

తా.క. అమ్మకాల్లో నీకేమైనా సందేహాలుంటే మొహమాటపడకుండా నన్ను అడుగు.

*

కమలాపురం,
సెప్టెంబరు 14.

చిరంజీవి పద్మప్రియకు అత్త మనసారా ఆశీర్వదించి రాసేది.

ఉద్యోగం నిలబడినందుకు అంగడికి వచ్చినవాళ్ళందరికీ మైసూరుపాకు పంచాను. ఇద్దరు మళ్ళీ వచ్చి తీసుకుపోయారు. నువ్వు పెద్దదానివయ్యావు. ఇక నుంచి నిన్ను పిల్లలాగా చూడను. అందుకే ఈ కబురు దాచకుండా చెబుతున్నాను.

మన అంగట్లో కూడా సాఫ్ట్‌వేర్ పెట్టించాను. ఏ గిన్నె అటక మీద ఉందో, ఏది కింద ఉందో ఫోనులో కనిపిస్తుంది. నీ కంపెనీది కాదు. పోయిన నెల కడప నుంచి శ్రావణి అని ఒక పిల్ల వచ్చింది. "మీకు ఏం కష్టంగా ఉండాదమ్మా?" అని అడిగింది. మోకాళ్ళు అన్నాను. ఆ పిల్ల నవ్వలేదు. "పొద్దున్నుంచి నిచ్చెన ఎన్నిసార్లు ఎక్కినారు?" అని అడిగింది. పద్నాలుగు సార్లు. అందులో పదకొండు సార్లు ఉత్తిపుణ్యానికే, పైన ఆ సరుకు లేదు. అటక మీదివన్నీ తానే ఎక్కి చూసి రాసుకుంది. ఇప్పుడు నేను ఎక్కకముందే తెలుస్తుంది, పైన ఏముందో.

నీకు కోపం వస్తుందని తెలుసు. నాకూ మనసు ఒప్పక ఆ పిల్లను రెండు రోజులు ఆగమన్నాను. నీ ఉత్తరాలన్నీ తీసి మళ్ళీ చదివాను. హనుమేష్ ఉన్నాడు, గాబ్రియేలు ఉన్నాడు, బండలున్నాయి, దుమ్ము ఉంది. "అత్తా, నీ అంగడికి కావాలా?" అనే మాట ఎక్కడైనా ఉందేమోనని తా.క.లు కూడా వెతికాను. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అత్త అసలే పెట్టదు.

దసరాకు రా. శ్రావణిని కూడా భోజనానికి పిలిచాను. ఒకే సరుకు అమ్మేవాళ్ళు ఒకే పంక్తిలో కూర్చుని తినడం మన ఇళ్ళల్లో కొత్త కాదు.

ప్రేమతో
మీ అత్త సుందరలక్ష్మి

తా.క. ఏడాదికే తీసుకున్నాను. వచ్చే ఆగస్టుకు గడువు అయిపోతుంది. జూలైలోనే వచ్చి అడుగు. బేరం మాత్రం ఆడతాను.