తాడుకి అవతలి గుట్ట

జూన్ 19
ఆఖరి గుంజ కూడా పాతేశాను. గుట్ట చుట్టూ తాడు కట్టేసినట్టే, సముద్రం వైపు తప్ప. పైకి మట్టి, గడ్డి. లోపలంతా మంచుగడ్డ. మా ఆర్కిటిక్ తీరంలో ఇలాంటివాటిని పింగో అంటాం. నెత్తిన చీలిక నిరుడు రెండు వేళ్ళంత, ఇప్పుడు జానెడు. ఇక ఎవరూ ఎక్కకూడదు. బోర్డు మీద నా పేరే: మానిటర్, రోవెనా.

గట్టు అంచు నుంచి గుట్ట మొదలు దాకా ముప్ఫై ఒక్క అడుగులు. సముద్రానికి తాడు కట్టలేం.

జూన్ 27
ఇరవై ఏడు అడుగులు.

జూలై 8
పెర్సిస్ పెద్దమ్మ గుట్ట పక్కనున్న వేట క్యాంపుకి వచ్చింది. ఎనభై రెండేళ్ళు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న తెల్ల తిమింగలాలు కనిపిస్తాయేమో చూడమని ఆమెనే గుట్ట ఎక్కించేవాడట. ఆమె కేక విన్నాకే పడవలు కదిలేవి. ఒక్కసారి ఎక్కుతానంది. వద్దన్నాను.

"నీకు నడక రానప్పుడు నిన్ను చంకనేసుకుని ఎక్కానే."

"చీలిక పెరుగుతోంది పెద్దమ్మా. నా వాళ్ళని ఎక్కనిస్తే రేపు బయటివాళ్ళకి ఏం చెప్పను?"

"నా బరువెంతే? బాతు పాటి ఉంటానేమో."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తాడు మాత్రం తీయలేదు.

జూలై 9
మధ్యాహ్నం దాకా తాడు ఇవతల పెట్రోలు డబ్బా మీద కూర్చుంది. తర్వాత ఇంటికి దింపమంది. మా ఊరు తుక్టోయక్టుక్ చేరేదాకా పడవలో గుట్ట వైపే తిరిగి కూర్చుంది.

జూలై 30
ఐదు రోజులుగా ఇరవై ఆరు డిగ్రీలు. గుట్ట మొదట్లో నీళ్ళు ఊరుతున్నాయి. గట్టుకి రాళ్ళు పోయించమని ఆఫీసుకి ఫోన్ చేశాను. ఫొటోలు పంపమన్నారు. వచ్చే వేసవికి ఆలోచిస్తారట.

పద్నాలుగు అడుగులు.

ఆగస్టు 11
వాయవ్యం నుంచి తుఫాను. రెండో రోజు. పడవ తీయలేం.

ఆగస్టు 14, మధ్యాహ్నం
సగం గుట్ట లేదు. లోపలి మంచు బయటపడి ధారగా కారుతోంది. నేను పాతిన గుంజలన్నీ నిటారుగా ఉన్నాయి. తాడు బిగుతుగా ఉంది. వేసవంతా ఒక్క మనిషి కాలు పడనివ్వలేదు.

రాయాల్సింది ఒకటుంది. జూలై ఎనిమిదిన పొద్దున్నే చీలిక కొలిచాను. జూన్ నుంచి వెంట్రుకవాసి కూడా పెరగలేదు. వెనక వైపు నేల గట్టిగానే ఉంది. ఆ రోజు పెద్దమ్మ ఎక్కినా ఏమీ అయ్యేది కాదు. ఆ సంగతి నాకు తెలుసు.

ఆగస్టు 16
పెద్దమ్మకి అంతా చెప్పాను, చీలిక పెరగలేదన్న సంగతి కూడా. చేపలు కోస్తూ వింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. మిగిలిన సగం ఎన్నాళ్ళుంటుందని అడిగింది. తెలీదన్నాను. కత్తి కడుక్కుని కోటు తెమ్మంది.

ఆగస్టు 17
వెళ్ళాం. నేనే తాడు విప్పాను. పెద్దమ్మ అడుగు వేయలేదు. మోకాళ్ళు రావట్లేదంది.

"నువ్వెక్కు. ఏం కనపడుతోందో చెప్పు."

వెనక వైపు నుంచి ఎక్కాను. కాళ్ళ కింద మట్టి వణికింది. నీళ్ళు తప్ప ఏమీ లేవు. అదే అరిచి చెప్పాను.

"సరిగ్గా చూడవే," అంది కింద నుంచి.

చాలాసేపు చూశాను.

సెప్టెంబర్ 21
రెండో తుఫాను తర్వాత వెళ్ళాను. ఇంజిన్ ఆపి, ఇదివరకు గుట్ట ఉండిన చోటు మీదుగా పడవని తేలనిచ్చాను. లోతు కొలిచాను. నాలుగు అడుగులు.