ఒప్పుకున్నందుకు చీవాట్లు

ఆక్స్‌ఫర్డ్, 1961 నవంబరు 14

అమ్మా, పొద్దున లేవగానే మొదటి వింత: మొహం కడుక్కునే గిన్నెలో నీళ్ళమీద మంచు పలక కట్టింది. నేను బాగానే ఉన్నాను, కంగారు పడకు.

ఇక్కడ వారానికో వ్యాసం రాసి గురువుగారి ఎదుట పైకి చదవాలి. పాతకాలపు ఉన్ని వర్తకం మీద నేను రాసింది విని మిస్టర్ పెల్హామ్ గారు "అంతా తప్పు" అన్నారు. "అవునండీ, మీరన్నదే నిజం" అన్నాను. ఆయన నోట్లోని పొగాకు పైపు తీసి పక్కన పెట్టేశారు.

"ఏమమ్మాయ్, మీ అయోవాలో అందరూ ఇంత తొందరగా చేతులెత్తేస్తారా? వాదిస్తావనేగా నిన్ను కదిపింది! నువ్వు రాసింది నువ్వే నమ్మకపోతే వచ్చే టర్ముకి నిన్ను నా విద్యార్థినిగా ఎలా కొనసాగించను? రేపు తొమ్మిదింటికి మళ్ళీ రా."

ఏడుపొచ్చింది. కానీ గదికొచ్చి మళ్ళీ చదువుకుంటే నా మాటలే నాకు ముద్దొచ్చాయి. నేను రాసిందే రైటు!

ఉన్ని మేజోళ్ళు పంపు. దూడ కాలు నయమైందా? నాన్ననీ తాతయ్యనీ అడిగానని చెప్పు. పెద్దవాళ్ళకి ఎదురుచెప్పొద్దని నువ్వు నేర్పావు. రేపొక్క గంట ఆ మాట పక్కన పెడతాను, కోప్పడకు. పొద్దున్నే వెళ్ళి, ఒక్క వాక్యం కూడా మార్చకుండా, అదే వ్యాసం మళ్ళీ చదువుతాను.

నీ లోరేన్