పండగ దాకా ఆగిన చిక్కుళ్లు

శుక్రవారం, అరకు సంత రోజు.

ఆపరేషన్ తర్వాత అమ్మ ఇవాళే మొదటిసారి కూర మారు అడిగింది. సంతలో కొన్న క్యాబేజీ, టమాటా కలిపి వండాను. విడివిడిగా కంటే ఇలా కొన్ని కూరగాయలు కలిపి తింటే క్యాన్సర్ నుంచి కాస్త రక్షణ ఉండొచ్చని, అలాగని అది మందు కాదని విశాఖలో డాక్టరమ్మ చెప్పింది. నాకు ఆ 'ఉండొచ్చు' చాల్లేదు. ఇంకోటి కూడా కలుపుదామని పొద్దున దడి మీది చిక్కుళ్లు కోయబోయాను.

అమ్మ వాకిట్లోంచే అరిచింది. "ఏటే గుంటా, ఏటి సేత్తన్నావు? కొత్తల పండగ అవకుండా కొత్త చిక్కుళ్లు తింతామేటి?"

సాలూరులో ఉద్యోగం చేసి చేసి ఊరి కట్టుబాటే మర్చిపోయాను. పైగా, ఒంట్లో బాగోని మనిషికి ఈ పట్టింపులెందుకని విసుక్కున్నాను.

"పండగ నాడు తింతాను. అందాకా ఒక్క కాయ ముట్టకు" అంది.

పండగ ఇంకా నెలన్నర ఉంది. వచ్చే వారం విశాఖ నుంచి అమ్మ రిపోర్టు రావాలి, అదంటే నాకు ఇప్పటికీ భయమే. కానీ ఆపరేషన్ అయ్యాక రేపటి మాటే ఎత్తని అమ్మ, ఇవాళ నెలన్నర తర్వాత తినబోయే కూర కోసం నాతో తగువాడింది.