తల వాడికి, మెడ నాకు

పెన్సిల్వేనియా రాష్ట్రం, రెడింగ్ పట్టణం, కోర్టు వెనక వీధిలో క్షౌరశాల నడుపుకుంటూ దాని పైఅంతస్తులోనే కాపురముంటున్న డెల్మర్ క్రాట్జ్ అను నేను, వయసు యాభై మూడు, పెళ్ళి కానివాణ్ణి, నా బుద్ధి నా స్వాధీనంలో ఉండగా, ఎవరూ నా మెడ మీద కత్తి పెట్టకుండా (ఊళ్ళోవాళ్ళ మెడల మీద రోజూ పెట్టేది నేనే), నా ఇష్టప్రకారం చెప్పి రాయించి సంతకం చేస్తున్న వీలునామా ఏమనగా:

బుద్ధి బాగానే ఉంది. బాగాలేనిది గుండె. ఎల్లుండి దాన్ని కోసి బాగుచేస్తారట. కోసే డాక్టరు కుర్రాడు. కత్తి పట్టేవాడి వేళ్ళు ఎలా ఉండాలో నాకు తెలుసు. కరచాలనం చేసినప్పుడు వాడి వేళ్ళు చూసుకుని, తిన్నగా లాయరు దగ్గరికి నడిచాను.

ఇంతకుముందు నేను రాసిచ్చినవన్నీ ఇందుమూలంగా రద్దు. తాగిన మైకంలో కాగితపు రుమాళ్ళ మీద "నా తర్వాత నా కుర్చీ నీదే పో" అని సంతకం చేసిచ్చినవి కూడా రద్దే. అలాంటివి ఊళ్ళో అరడజనుకు తక్కువ ఉండవు.

ఒకటి. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత లాయరు ఎస్తర్ బ్రుబేకర్ గారిది. "క్రాట్జ్ గారూ, ఇలాంటి కబుర్లు వీలునామాలో రాయరండీ" అని ఆవిడ ఇప్పటికే రెండుసార్లు కలం కింద పెట్టేశారు. పోయేవాణ్ణి నేను, ఫీజు ఇచ్చేవాణ్ణి నేను. రాయండమ్మా.

రెండు. క్షౌరశాల, పైనున్న ఇల్లు, రెండు కుర్చీలు, అద్దాలు, బ్యాంకులో ఉన్నదంతా నా చెల్లెలు వెర్నాకు సర్వహక్కులతో చెందాలి. భర్త పోయాక నా ఇంటికి వచ్చి, పదకొండేళ్ళుగా నాకు వండిపెడుతున్న మనిషి. బీట్‌రూట్‌తో ఊరేసిన గుడ్లు ఆమెలా చేసేవాళ్ళు ఈ జిల్లాలో లేరు. ఈ మాట ఆమెతో ఎప్పుడూ అనలేదు. అంటే గుడ్లు తగ్గించి పొగడ్తలు పెంచమంటుందని భయం.

మూడు. షాపు గుమ్మంలో నేలకు అతికించిన వెండి డాలరు ఎవరు ఊడదీస్తే వాళ్ళది. పాస్టరు గారు మాత్రం ఇక ప్రయత్నించకూడదు. పోయినసారి పాపం ఆయనకు నడుం పట్టేసింది.

నాలుగు. మా చిన్నాన్న కొడుకు క్లెయిర్‌కు నా రాగి కెటిల్. మా నాయనమ్మ పెట్టెలో దొరికిన పాత ఉత్తరాల మీది తపాలా బిళ్ళల్ని కెటిల్ ఆవిరి పట్టి ఊడదీసి, ఆల్బంలో అందంగా అతికించి, కవర్లను పొయ్యిలో పెట్టిన మహానుభావుడు వాడు. కవరు మీద తపాలా ముద్రతో ఉన్న బిళ్ళ నోట్లో పన్నులాంటిది. ఊడదీశాక పన్నుకు విలువేముంటుంది? "నీటుగా ఉంటుందని చేశానన్నయ్యా" అన్నాడు. నీటుగానే ఉంది. వేలందారు ఆ ఆల్బం తిరగేసి వాడికి కాఫీ ఇప్పించి పంపాడు.

అయిదు. ఇక అసలు ఆస్తి. నా కవరు.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. మన దేశం మొట్టమొదట వేసిన తపాలా బిళ్ళలు రెండు: అయిదు సెంట్లకు ఫ్రాంక్లిను, పది సెంట్లకు వాషింగ్టను. అయిదుది చేతిలో లేనప్పుడు పదిదాన్ని కత్తెరతో ఏటవాలుగా రెండు చేసి, ఒక్కో ముక్క ఒక్కో ఉత్తరానికి అతికించేవాళ్ళు. లాంకస్టర్‌లో ఒక ధాన్యం వర్తకుడు 1849లో ఒక ఉదయం అలాగే చేశాడు. ఒక ముక్క బాల్టిమోరులో ఉన్న కొడుక్కి వెళ్ళింది, ఒకటి ఫిలడెల్ఫియాలో ఉన్న కొడుక్కి వెళ్ళింది. రెండు కవర్లూ నూరేళ్ళు ఒకే కుటుంబం అటక మీద పడి ఉండి, ఇరవై ఒక్కేళ్ళ కిందట ఫిలడెల్ఫియాలో వేలానికి వచ్చాయి. ఆ కత్తెర ఎలా నడిచిందంటే, పై ముక్కలోకి వాషింగ్టను నుదురు, కళ్ళు, ముక్కు, జుట్టు అన్నీ వెళ్ళిపోయాయి. కింది ముక్కలో గడ్డం చివర, మెడకు చుట్టిన గుడ్డ, ఒక భుజం మిగిలాయి.

నేనూ హార్లన్ వైజరూ కలిసి వెళ్ళాం. హార్లన్ చెప్పుల దుకాణదారు. నా బళ్ళో జతగాడు, నా బిళ్ళల క్లబ్బు జతగాడు, ప్రతి శనివారం నా కుర్చీలో కూర్చునే తల. ఇద్దరం చెరిసగం వేసుకుని రెండు కవర్లూ కొనాలనీ, పై ముక్క రెండు వందల డాలర్లు దాటితే నోరుమూసుకుని ఇంటికి రావాలనీ ఒప్పందం. చెయ్యెత్తేది హార్లన్.

అయితే పెద్ద వేలాల్లో ఒక ఆనవాయితీ ఉంది. చెయ్యెత్తి పాడితే పక్కవాడికి ఆకలి పుడుతుంది. అందుకని తెలివైనవాళ్ళు ముందే వేలందారు చెవిలో ఒక గుర్తు చెప్పి ఉంచుతారు. చుట్ట నోట్లో ఉన్నంతసేపూ పాడుతున్నట్టే, తీస్తే మానుకున్నట్టు. అలా ఏదో ఒకటి. నేను పొద్దున్నే వెళ్ళి, ఒప్పందం దాటాక నా సొంతానికి పాడతానని, నా చెవి మీద పెన్సిల్ ఉన్నంతసేపూ పాడుతున్నట్టు లెక్కని చెప్పి వచ్చాను.

రెండు వందలు దాటింది. హార్లన్ చెయ్యి దించేశాడు. "పోయిందిరా డెల్. మన మొహాలకి రాసిపెట్టి లేదు" అన్నాడు. "పోనీలేరా" అన్నాను, పెన్సిల్ చెవిమీదే ఉంచుకుని. ధర ఆగలేదు. వేలందారు మా వైపు చూసి పెంచుతాడు, మళ్ళీ మా వైపే చూసి పెంచుతాడు. వెనక వరసలో గోధుమరంగు టోపీవాడొకడు ఉన్నాడు. "న్యూయార్కు వర్తకుడేమోరా, జలగలా పట్టుకున్నాడు" అని హార్లన్ గొణిగాడు. "వాడి జిమ్మడ, వాడికి ఇంత డబ్బెక్కడిదిరా" అని నేను. ఇద్దరం ఏకకంఠంతో ఆ టోపీని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాం. నాలుగు వందల దగ్గర నా డబ్బు అయిపోయింది. పెన్సిల్ తీసి జేబులో పెట్టుకున్నాను. సుత్తి పడింది. వేలందారు గెలిచినవాడి నంబరు చదివాడు.

హార్లన్ నంబరు.

అప్పుడు చూశాను వాడి మొహం కేసి. కళ్ళద్దాలున్నాయి. పేపరు చదవడానికి తప్ప వాడికి అద్దాలక్కర్లేదు. అద్దాలు పెట్టుకుని గంటసేపు పైకప్పు కేసి చూస్తూ కూర్చున్నాడు! వాడి గుర్తు అది. వాడూ నా జేబులోని పెన్సిల్ కేసి చూసి సంగతి గ్రహించాడు. టోపీవాడా? నాణేల వేలానికి వచ్చి, గది తప్పి, గుర్రు పెడుతున్నాడు. ఇంతసేపూ పక్కపక్కనే కూర్చుని, ఒకే సోడా పంచుకుంటూ, నా మీద వాడూ వాడి మీద నేనూ పాడుకున్నాం.

నువ్వూ గుర్తు పెట్టుకున్నావు కదా అని లాయరమ్మ అడుగుతున్నారు. పెట్టుకున్నాను. నేను పెట్టుకోవడం ముందుచూపు. వాడు పెట్టుకోవడం ద్రోహం. ఇందులో తేడా తెలియడానికి లా చదవక్కర్లేదు.

తర్వాత కింది ముక్క వచ్చింది. హార్లన్ అద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు, జేబు ఖాళీ. ఇంకెవరూ నోరు మెదపలేదు. తొంభైకి నా పేర సుత్తి కొట్టేశారు. ఎక్కువ పెట్టి కొన్నా ఇంత మండేది కాదు. ఊరందరి తలలూ దువ్వే మంగలికి తలలేని వాషింగ్టను, కాళ్ళకు జోళ్ళు తొడిగేవాడికి తలకాయ! దేవుడికి కూడా నాలాంటి వెకిలి బుద్ధులున్నాయని ఆరోజే తెలిసింది.

ఆరు. ఆ తర్వాత హార్లన్ నా కుర్చీ ఎక్కలేదు. ఆడవాళ్ళకు జుట్టు చుట్టే చోటికి వెళ్ళి క్రాపు చేయించుకుంటున్నాడు. వెనక నుంచి చూస్తే కోసి వదిలేసిన క్యాబేజీలా ఉంటుంది. తల వాడి దగ్గరుంది కదా అని, వాడి ప్రతి పుట్టినరోజుకూ "జనరల్ వాషింగ్టను గారికి" అని చిరునామా రాసి ఒక తలనూనె సీసా పంపుతున్నాను. మెడ నా దగ్గరుంది కదా అని, వాడు నా పుట్టినరోజుకు ఒక టై పంపుతున్నాడు. ఒక్క ఏడూ మానలేదు, వాడి భార్య పోయిన ఏడు కూడా. టైలన్నీ బీరువా కింది అరలో ఉన్నాయి. ఒక్కటీ కట్టలేదు. మంచి పట్టువి, వెధవ.

ధరల సంగతి చెప్పాలి. ఈ రెండేళ్ళుగా పాత బిళ్ళలకు పిచ్చి పట్టింది. ఇలాంటి సగం ముక్క ఏ వేలంలో పలికినా నేను ముందు చూసేది తలా, మెడా అని. తలకెప్పుడూ ఓ వెయ్యి ఎక్కువే. పేపర్లో ఆ అంకె చూసిన రోజు ఎవరికో ఒకరికి చెవి దగ్గర గాటు పడుతుంది నా చేతిలో. పోయిన వసంతంలో వేలందారు మా క్లబ్బుకు వచ్చి, అందరి ఎదుటా అన్నాడు: "విడివిడిగా అమ్మితే తల నాలుగు వేలు, మెడ మూడు వేలు. రెండూ ఒకరి చేతిలో ఉంటే ఇరవై వేలకు తగ్గదు. మీరిద్దరూ ఒకే ఊళ్ళో ఉండి ఏం చేస్తున్నారయ్యా?" క్లబ్బంతా మా ఇద్దర్నీ చూసింది. హార్లన్ పైకప్పు కేసి చూశాడు. వాడికది అలవాటే.

ఏడు. సరిగ్గా ఆ తర్వాతి ఆదివారం నుంచి హార్లన్ మా ఇంటికి భోజనానికి రావడం మొదలైంది. నా కోసం కాదు. చర్చిలో వెర్నా పిలిచిందట. నా ఎదుట కూర్చుని, నా గుడ్లు తిని, నాతో మాట్లాడకుండా వెళ్ళిపోతాడు. మొన్నటిదాకా వెర్నా వాణ్ణి "ఆ హార్లన్" అనేది. ఈ వేసవి నుంచి "ఆయన" అంటోంది. "ఆయనకి బెల్లప్పాకం రొట్టె ఇష్టం అన్నయ్యా, చివరి ముక్క ఉంచు." నా ఇంట్లో చివరి ముక్క నాది కాకుండా పోయింది!

"ఒసే పిచ్చిదానా, వాడొచ్చేది నీ రొట్టె కోసం కాదు, నా కవరు కోసం. నా తర్వాత అది నీకొస్తుంది. నిన్ను చేసుకుంటే వాడికొస్తుంది" అన్నాను. వెర్నా గిన్నెలు కడగడం ఆపి, "నన్ను చూసి ఎవరూ రారనా నీ ఉద్దేశం?" అంది. ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర లేదు. హార్లన్ దగ్గర ఉంది. అది వాడి నోట్లోంచి ఎలా లాగాలా అని నాలుగు నెలలు ఆలోచించాను. ఇంతవరకు నేను వేసిన వేషాలన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

ఎనిమిది. కనుక, పైన చెప్పిన కవరు, దాని మీది మెడా భుజమూ తపాలా ముద్రతో సహా, వెర్నాకు చెందదు. నేను పోయిన మర్నాడే, శవపేటిక మూయకముందే, లాయరు బ్రుబేకర్ గారు దాన్ని హార్లన్ వైజర్ చేతిలో పెట్టి, ఈ వీలునామా చదివి వినిపించాలి. షరతులు లేవు, ధర లేదు, రసీదు అక్కర్లేదు. పెళ్ళి చేసుకున్నా, చేసుకోకపోయినా వాడిదే. అమ్ముకుంటే ఇరవై వేలూ వాడివే.

ఇది చెబుతుంటే లాయరమ్మ కళ్ళద్దాలు తీసి నన్ను చూశారు. నా మనసు కరగలేదమ్మా. తల పక్కన నా మెడ చేరి, వాషింగ్టను నిండుగా కూర్చోవడం వాడు చూస్తాడు, నేను చూడను అని తలుచుకుంటే ఇప్పుడే గుండె ఆగేలా ఉంది. కానీ ముక్క చేతికి వచ్చేశాక వాడికి మా ఇంటి మెట్లెక్కే పనేముంది? ఇక ఎక్కితే వెర్నా కోసమే ఎక్కాలి. ఎక్కకపోతే, ఇరవై ఒక్కేళ్ళుగా నేను వాడి గురించి అన్నదంతా నిజమని ఊరికి తెలుస్తుంది. రెంటిలో ఏది జరిగినా నేను గెలిచినట్టే. ఒకటి జరిగితే కాస్త ఏడుపు కూడా వస్తుంది, అంతే.

తొమ్మిది. నా అంత్యక్రియల సంగతి. ఆ టైల్లోంచి నీలంది కట్టండి. గడ్డం నేనే గీసుకుని వెళతాను, ఆసుపత్రి వాళ్ళను ముట్టనివ్వకండి. అందరూ చూసిపోవడానికి పేటిక తెరిచి ఉంచినప్పుడు, నా కుడిచెవి మీద ఒక పసుపుపచ్చ పెన్సిల్ పెట్టి ఉంచండి. పిచ్చివాడు చచ్చాక కూడా వేషాలు మానలేదని నవ్వుకుంటారు. నవ్వనివ్వండి. దాని అర్థం తెలిసినవాడు ఊళ్ళో ఒక్కడే.

ఒరేయ్ హార్లన్, విను. ఆ పెన్సిల్ అక్కడ ఉన్నంతసేపూ నేను ఇంకా పాడుతున్నట్టే. కవరు అప్పటికే నీ జేబులో ఉంటుంది, కనుక నేను పాడేది దేనికో నీకు తెలుసు. చెల్లెలు నాకున్న ఒక్క మనిషి. నీకు కావలసింది వెర్నాయే అయితే, వెర్నా చూస్తుండగా, అందరూ చూస్తుండగా వచ్చి, నీ చేత్తో నా చెవి మీది పెన్సిల్ తియ్యి. ఆ హక్కు నీకు తప్ప మరెవరికీ లేదు. తీస్తే సుత్తి పడ్డట్టే, పాట నీదే. నేను లేచి గొడవ చెయ్యను. తీయలేకపోతే దానితోనే పాతిపెట్టమను. ఎంతకాలమైనా పాడుతూనే ఉంటాను. ఈసారి నా దగ్గర డబ్బు అయిపోయే బాధ లేదు.

వచ్చేటప్పుడు మాత్రం నీ కళ్ళద్దాలు ఇంట్లో పెట్టి రా.

1979 అక్టోబరు పదహారు, మంగళవారం నాడు, లాయరు బ్రుబేకర్ గారి ఆఫీసులో, నన్ను ముందే ఎరిగిన ఇద్దరు సాక్షుల ఎదుట నా చేవ్రాలు చేస్తున్నాను.

(సంతకం) డెల్మర్ క్రాట్జ్

సాక్షులు:
లూథర్ ఎబీ, ప్రెట్జెల్ బేకరీ యజమాని
మేబెల్ స్టౌట్, పూలకొట్టు. పెన్సిల్ నేను తెచ్చి పెడతాను.