చప్పుడు లేని మిషన్

3 ఆగస్టు 2025, ఆదివారం

దండెం కింద పాము కుబుసం దొరికింది. చర్చికి వెళ్లే తొందరలో కాలితో తొక్కేశాను. ఆ తర్వాత ప్రసంగం మొత్తం ఆ మెత్తదనాన్నే తలుచుకుంటూ కూర్చున్నాను. ప్రభువు క్షమించాలి.

తప్పు మాదే. ఆళ్లగడ్డలో ఈ ఇల్లు కొన్నప్పుడు, వెనక పన్నెండు సెంట్ల పెరడు వస్తోందని మురిసిపోయాం. రెండు వానలు పడేసరికి గడ్డి మోకాలు దాటింది. కొడవళ్లతో వచ్చిన ఆడవాళ్లు చివరి మూల మాత్రం ముట్టుకోకుండా వెళ్లిపోయారు. ఎందుకని అడిగితే చెప్పరు. మాకు ఇల్లు అమ్మిన ఓబులమ్మ అవ్వ పక్కింట్లోనే ఉంటుంది. ఆమె భర్త శేషయ్య విగ్రహాలు చెక్కేవాడు. మా పెరట్లోనే ఆయన పని చేసేవాడట. ఆయన పోయి ఆరేళ్లయింది. ఆ మూల సంగతేమిటి అవ్వా అంటే, మీకు ఆడ ఏం పనుండాది టీచరమ్మా, మిగతాది కోసుకోండి సాలు అంది.

ఫ్రాన్సిస్ గడ్డి కోసే మిషన్ కొందామన్నాడు. పదిహేడేళ్లుగా బస్సు నడుపుతున్న మనిషి. ఇంజను ఉంటే ఏ సమస్య అయినా తీరుతుందనుకుంటాడు. నా మొగుడిలో నాకు నచ్చేదీ నచ్చనిదీ అదే.

9 ఆగస్టు, రెండో శనివారం

నంద్యాల వెళ్లాం. షాపులో భుజానికి తగిలించుకునే మిషన్లు రెండు పక్కపక్కన నిలబెట్టి ఉన్నాయి. ఒకటి పెట్రోలుది, ఒకటి బ్యాటరీది.

పెట్రోలుదాన్ని తాడు పట్టి నాలుగుసార్లు లాగాడు షాపాయన. అయిదోసారికి అరిచింది. షాపంతా పొగ. ఫ్రాన్సిస్ ముఖం వెలిగిపోయింది, మా పెళ్లి ఫోటోల్లో కూడా అంత వెలుగు లేదు. బ్యాటరీదాన్ని షాపాయన నాకిచ్చాడు. నొక్కితే జుయ్ అంది, వదిలితే ఠక్కున ఆగింది. నలభై నిమిషాలు వస్తుందట. ఇంటికైతే ఇది చాలు మేడం, చేనుకైతే అది అన్నాడాయన.

ఫ్రాన్సిస్‌కు నచ్చలేదు. కరెంటు పోతే ఏం జేస్తావ్, సగం కోసి కూసుంటావా అన్నాడు. రెండేండ్లకు బ్యాటరీ సచ్చిపోతాది, పెట్రోలుదైతే నేనే ఇప్పి బాగుజేసుకుంటా అన్నాడు. వారమంతా నలభై రెండు మంది పిల్లల మధ్య లెక్కలు చెప్పి వస్తాను, ఆదివారం కూడా నా తల మీద ఇంజను తిరగాలా అన్నాను. ఆ బరువు నేను మోయలేను, నువ్వు ఇంట్లో ఉండేది వారానికి ఒక రోజు, మిగతా ఆరు రోజులు దాన్ని పూజించాలా అని కూడా అన్నాను. షాపాయన లోపలికి వెళ్లిపోయాడు. ఏమీ కొనకుండా వచ్చేశాం.

12 ఆగస్టు

ఇంట్లో పెట్రోలు, బ్యాటరీ తప్ప వేరే మాట లేదు. పెళ్లి సంబంధానికి కూడా ఇంత వాదన జరగలేదు.

16 ఆగస్టు

నేనే గెలిచాను. బ్యాటరీది వచ్చింది. కాకపోతే గడ్డి కోసేందుకు నైలాన్ తీగ ఒక్కటే కాదు, ఇనుప బ్లేడు కూడా ఉండాలని ఫ్రాన్సిస్ షరతు. సరే అన్నాను. గెలిచినవాళ్లు ఏదో ఒకటి వదులుకోవాలి.

17 ఆగస్టు, ఆదివారం, మధ్యాహ్నం 2.00

చర్చి నుంచి రాగానే ఫ్రాన్సిస్ మొదలుపెట్టాడు. మిషన్ నిజంగానే బంగారం. నేను వంటింట్లో ఉండి రేడియో వినగలిగాను. ఆ మూల దాకా పోయి ఆగాడు. గడ్డిలో ఒక బండ ఉందని పిలిచాడు. నున్నటి పై భాగం, నడుమెత్తు పొడవు. బట్టలుతుక్కునేదానికి బాగుంటాది, కుళాయి కాడికి తీసుకపోదాం అన్నాడు. నేనూ సంబరపడ్డాను. గడ్డపార వేసి తిప్పాడు.

ముఖం ఉంది. ఆడమనిషి ముఖం. ముక్కు, పెదవులు, చెవుల కమ్మలు, అన్నీ చక్కగా చెక్కి ఉన్నాయి. కళ్లు మాత్రం లేవు. గుడ్ల చోట నున్నటి ఉబ్బు. మోకాలి దగ్గర రాయికి అడ్డంగా పగిలిన ఒక నెర్రె. ఇంత అందాన్ని ఎవరు బోర్లా పడేశారో అనుకున్నాను. దాన్ని గోడకు ఆనించి నిలబెట్టాం. తర్వాత ఫ్రాన్సిస్ దాని చుట్టూ కోస్తూ, ముందుకు వంగాడు. బ్లేడు ముఖానికి తగిలింది. చిన్న చప్పుడు, పలుగురాయి గీసినట్టు. ఎడమ కంటి ఉబ్బు మీద సన్నటి గీత పడింది. అచ్చం తెరిచిన రెప్పలా.

ఫ్రాన్సిస్ దాని ఎదురుగా, మూరెడు దూరంలో ఉన్నాడు. ఏమీ తగల్లేదన్నాడు. కానీ అన్నం తినేటప్పుడు గ్లాసు అందక రెండుసార్లు గాలిని పట్టుకున్నాడు.

18 ఆగస్టు

ఎడమ కంట్లో ఏదో పచ్చగా ఉందంటున్నాడు.

21 ఆగస్టు, గురువారం

సెలవు పెట్టి నంద్యాల కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరమ్మ కుడి కన్ను మూసి, ఎదురుగా ఉన్న అక్షరాలు చదవమంది. ఫ్రాన్సిస్ చాలాసేపు చూశాడు. గడ్డి అన్నాడు. ఆమె నవ్వింది. గడ్డి, గోడ, దండెం మీద తువ్వాలు అన్నాడు. ఆమె నవ్వడం మానేసింది. టార్చి వేసి చూసింది, యంత్రాల్లో చూసింది. గాయం లేదు, నరం బాగుంది, అంతా బాగుంది అంది. చుక్కల మందు రాసిచ్చింది.

తిరిగి వస్తుంటే బస్సులో అడిగాను, దండెం మీద తువ్వాలు ఏ రంగని. ఎర్రది అన్నాడు. ఎర్రదే, పొద్దున నేనే ఆరేశాను. అదేమీ వింత కాదని నాకు నేను చెప్పుకున్నాను.

24 ఆగస్టు, ఆదివారం

పదకొండుంబావుకు బట్టలు ఆరేస్తున్నాను. ఫోన్ మోగింది. ఫ్రాన్సిస్ డ్యూటీలో ఉన్నాడు, ప్రొద్దుటూరు బస్టాండు నుంచి. నీలం చీర ఆరేస్తాండావ్ గదా అన్నాడు. కొంగుకు మన్నంటింది సూసుకో అన్నాడు.

చూసుకున్నాను. అంటింది.

రాయి గోడకు ఆని, నా వైపే చూస్తోంది. ఒంటి కంటితో. చీర నా చేతిలోంచి జారి కింద పడింది. అయ్యో పడేసినావే అని ఫోన్‌లో ఫ్రాన్సిస్ నవ్వాడు.

27 ఆగస్టు, వినాయక చవితి

స్కూలు సెలవు. ఓబులమ్మ అవ్వ కుడుములు పంపింది. ఫ్రాన్సిస్ డ్యూటీకి వెళ్లాడు. నేను లెక్కల టీచర్ని, ఒక్క చీరతో ఏదీ నమ్మను. పలక మీద 4096 అని రాసి, రాయి ముందు పట్టుకుని నిలబడ్డాను. ఫోన్ చేశాను. పలకెందుకు పట్టుకున్యావ్, నాలుగువేల తొంభై ఆరంటే ఏందీ అని అడిగాడు ఫ్రాన్సిస్.

కన్ను మూసినా పోదట. రాయికి రెప్పలు లేవు కదా. కుడి కన్నుతో రోడ్డు, ఎడమ కన్నుతో మా పెరడు. అలాగే ఎనభై కిలోమీటర్లు నడుపుతున్నాడు. డిపోలో చెప్పలేదు. చెప్తే స్టీరింగు పీకేస్తారు, నాకింకో పని యాడ తెలుసు అన్నాడు.

31 ఆగస్టు

రాయిని మళ్లీ బోర్లా వేశాం. ఫ్రాన్సిస్ కేక పెట్టి కూలబడ్డాడు. మట్టి అన్నాడు, ఏర్లు అన్నాడు, అవి కదులుతాండాయి అన్నాడు. ఊపిరి అందలేదు. రెండు నిమిషాల్లో తిరిగి నిలబెట్టేశాను.

3 సెప్టెంబర్

రాయి ముందు గడ్డి మళ్లీ లేచింది. అది కంటికి అడ్డం వస్తే ఫ్రాన్సిస్‌కు తలనొప్పి. స్కూలు నుంచి రాగానే నేనే మిషన్ తీసుకుని ఆ మూల కోస్తున్నాను, తీగ వేసి, దూరంగా ఉండి. అయిదింటికి డిపోలో టీ తాగుతూ చూస్తాడట. బాగా కోస్తాండావ్ అని మెసేజ్ పెట్టాడు.

ఇక్కడ రాయకపోతే ఎక్కడ రాస్తాను. పెళ్లయిన ఇన్నేళ్లలో ఈ మనిషి నన్నింత సేపు చూడలేదు. ఈ వారం మంచి చీరలే కట్టుకుంటున్నాను. సిగ్గుగా ఉంది. భయంగానూ ఉంది.

6 సెప్టెంబర్, శనివారం

శిరివెళ్ల దాటాక బస్సు ట్రాక్టరుకు తగిలింది. ఎవరూ పోలేదు. ముందు సీట్లో ఒక ముసలామెకు నుదురు చిట్లింది. ఏడు కుట్లు. ఆ సమయంలో నేను పెరట్లో తల దువ్వుకుంటున్నాను. ఫ్రాన్సిస్ నన్ను చూస్తున్నాడు.

పదకొండో తారీకున డిపోలో కంటి పరీక్ష పెట్టారు.

ఇంటికొచ్చి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నలభై మందిని చంపేటోన్ని సలోమీ అన్నాడు. నేను వెళ్లి అన్ని మంచి చీరలూ బీరువాలో పెట్టేశాను.

7 సెప్టెంబర్, ఆదివారం

చర్చికి వెళ్లలేదు. ఓబులమ్మ అవ్వ దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను. ఆమె రాయిని తిప్పారా అని ఒక్కటే అడిగింది. తర్వాత చెప్పింది. విగ్రహానికి కండ్లు అన్నిటికన్నా చివర తెరుస్తారు. తెరిచేటప్పుడు ఎదురుగా అద్దం పెడతారు, మనిషి నిలబడకూడదు. తొలి చూపు అద్దంలో దాని ముఖం మీదనే పడాల. ఈ రాయికి నెర్రె పడినాదని మా ఆయన కండ్లు తెరవకుండా బోర్లా ఏసినాడు. మీ ఆయన ఇనుముతో తెరిచి, ఎదురుగా నిలబడినాడు. చూపు ఆయన్ని పట్టుకున్యాది.

ఇప్పుడు అద్దం పెట్టొచ్చా అని అడిగాను. నెర్రె పడిన ఒంటిని అది చూసుకుంటే చూపు దాని మీదనే నిలుస్తాదో లేదో నాకు తెల్దు టీచరమ్మా, చూపుకు మనిషి రుచి తగిలినాది అంది. అద్దం మాత్రం ఇచ్చింది. పట్టుకునేటప్పుడు నీ ముఖం దాంట్లో పడనీయాకు అని రెండుసార్లు చెప్పింది.

ఫ్రాన్సిస్‌ను హాల్లో కుర్చీలో కూర్చోబెట్టాను. రాయి పక్కన నిలబడి, చేతులు చాపి అద్దాన్ని దాని ముందు పట్టుకున్నాను. లోపలి నుంచి ఫ్రాన్సిస్ అరిచాడు, ముఖం కనపడతాంది, రాతి ముఖం అని. ఇంకా అని అడిగాను. అదే అన్నాడు. చేతులు లాగే దాకా పట్టుకున్నాను. అదే, అదే అంటూనే ఉన్నాడు. ఏడుస్తున్నాడు.

నేను ఎక్కువ ఆలోచించలేదు. లెక్క సులువైనదే. నా వెనక నలభై మంది ప్రాణాలు పెట్టుకుని కూర్చోరు. బోర్డు మీద రాయడానికి ఒక కన్ను చాలు. వంగి, దాని చెంప పక్కన నా చెంప ఆనించాను. రాయి ఎండకు వేడెక్కి ఉంది. అద్దంలో ఇద్దరం.

లోపల కుర్చీ పడిన చప్పుడైంది. గోడ కనపడతాంది, క్యాలెండర్ కనపడతాంది అని ఫ్రాన్సిస్ బయటికి పరిగెత్తుకొచ్చాడు. నన్ను ఎత్తుకుని తిప్పాడు. నేను కూడా నవ్వాను. నాకు ఎడమ కంట్లో ఇద్దరం కనబడ్డాం, గోడ దగ్గర నుంచి.

8 సెప్టెంబర్

డైరీని హ్యాండ్‌బ్యాగులోకి మార్చాను. ఇంట్లో ఉంటే ఫ్రాన్సిస్ కంటబడుతుంది. చెప్పను. చెప్తే అద్దం తెచ్చి మళ్లీ తన ముఖం పెడతాడు. నాకు తెలుసు.

పదో తరగతిలో సమీకరణం రాస్తుంటే సగంలో ఆగిపోయాను. x పక్కన ఉడుత వచ్చి కూర్చుంది.

11 సెప్టెంబర్

పాసయ్యాడు. చివరి వరుస దాకా చదివాడట. చికెన్ తెచ్చాడు.

తినేటప్పుడు అన్నాడు, ఆ కన్నును అట్లే ఇడిస్తే ఇంకొకరిని పట్టుకుంటాది, బ్లేడేసి అరగదీస్తా అని. వద్దన్నాను. గొంతు గట్టిగానే వచ్చింది. పాపం శేషయ్య చేసిన బొమ్మ, ఉండనీ అన్నాను. నా ముఖంలోకి చూశాడు. సరేలే అన్నాడు.

రేపు చెప్పేస్తాను.

14 సెప్టెంబర్

చెప్పలేదు. ఇంత హాయిగా నిద్రపోతున్న మనిషికి ఎలా చెప్పను.

16 సెప్టెంబర్, 11.40, స్టాఫ్ రూమ్

పీరియడ్ మధ్యలో వచ్చేశాను. ఫ్రాన్సిస్‌కు ఇవాళ ఆఫ్. ఎడమ కంట్లో ఉన్నాడు. మిషన్ భుజానికి తగిలించుకున్నాడు. ఇనుప బ్లేడు. రాయి చుట్టూ కోసేశాడు. ఇప్పుడు మోకాళ్ల మీద కూర్చుంటున్నాడు. తుండుతో దాని ముఖం తుడిచాడు, జాగ్రత్తగా, చంటిబిడ్డకు తుడిచినట్టు.

ఏడుసార్లు ఫోన్ చేశాను. ఫోన్ ఇంట్లో పెట్టినట్టున్నాడు.

అవ్వకు చేశాను. మీ పెరట్లో ఏం చప్పుడు లేదే టీచరమ్మా, ఎవురూ లేరు అంటోంది. ఉన్నాడవ్వా, పో, ఆపు అన్నాను. చెప్పులు వెతుక్కుంటోంది.

పెట్రోలుదైతే వీధి చివరికి వినబడేది.

తిరుగుతున్నప్పుడు బ్లేడుకు పళ్లు కనబడవు. పలచగా, గుండ్రంగా ఉంది. దాని వెనక ఫ్రాన్సిస్ నవ్వు ముఖం.